పాత పోర్షే 911కి సూపర్‌చార్జర్: గాలి నింపడం తేలికే, వేడి దించడమే కష్టం

క్లుప్తంగా: 1964 నుంచి 1998 దాకా పోర్షే 911 ఇంజన్‌ను చల్లబరిచింది నీళ్లు కాదు, గాలి. ఆ కార్లలో ఒకదానికి సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి అదనపు గాలిని తోసే పంపు) బిగిస్తే, బూస్ట్ (ఆ తోపుడుతో పెరిగే గాలి పీడనం) కొద్దిగానే ఉన్నా పవర్ పావు వంతు దాకా పెరిగే వీలుంది. ఎగ్జాస్ట్ జోలికి పోనక్కర్లేదు. వద్దనుకుంటే విప్పేయొచ్చు. చిక్కంతా వేడితోనే. ఎంత గాలి తోయగలం అన్నదానికంటే, ఆ గాలితో పుట్టే వేడిని ఎంత బయటికి పంపగలం అన్నదే హద్దు గీస్తుంది. కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లోని మిశ్రమాన్ని పిస్టన్ ఎన్ని రెట్లు నొక్కుతుందన్నది), కూలింగ్ ఫ్యాన్, ఆయిల్ కూలర్, ఇంధన వ్యవస్థ కలిపి చూడకుండా పెట్టిన సూపర్‌చార్జర్ ఎక్కువ కాలం నిలవదు.

## ఈ చర్చ ఎందుకు

1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో 901 పేరుతో కనిపించిన కారు, మరుసటి ఏడాది 911గా అమ్మకానికి వచ్చింది. రెండు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 130 హార్స్‌పవర్. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ వంశంలో చివరిదైన 993 మోడల్‌లో అదే అమరిక 3.6 లీటర్లకు, 285 హార్స్‌పవర్‌కు చేరింది. ఈ రెండింటి మధ్య వచ్చినవాటిలో సూపర్‌చార్జర్ మాట ఎక్కువగా వినిపించేది రెండింటి విషయంలో: 1978–83 మధ్య వచ్చిన 3 లీటర్ల ఎస్‌సీ, 1984–89 మధ్య వచ్చిన కరేరా 3.2. యూరప్‌లో ఎస్‌సీ చివరి రూపం 204 హార్స్‌పవర్, కరేరా 231. ఆ రోజుల్లో ఇవి పెద్ద అంకెలే. ఇప్పుడు మామూలు కుటుంబ కార్లలోనే కాస్త వేగం కోసం చేసినవి వీటిని దాటేస్తున్నాయి.

అందుకే పాత కారు తీరు పోకుండా కాస్త బలం పెంచాలన్న కోరిక. పాత 911లను మళ్లీ కట్టే సంస్థలు కూడా ఇందులో ఒకే దారిలో లేవు. కాలిఫోర్నియాలోని సింగర్ 2022లో చూపించిన కారుకు రెండు టర్బోలు పెట్టింది. బ్రిటన్‌లోని థియాన్ డిజైన్ ఒక కారుకు సూపర్‌చార్జర్ ఎంచుకుంది. ఒకే ఇంజన్ కుటుంబానికి రెండు వేర్వేరు జవాబులు రావడంతో అసలు తేడా ఏమిటన్న ప్రశ్న మిగిలింది.

## కంపెనీ మాత్రం టర్బో వైపే ఎందుకు వెళ్లింది

పోర్షే చరిత్రకు సూపర్‌చార్జర్ కొత్తేమీ కాదు. ఫెర్డినాండ్ పోర్షే 1920లలో డైమ్లర్‌లో పనిచేసినప్పుడు సూపర్‌చార్జర్ ఉన్న మెర్సిడెస్ కార్లు ఆయన చేతి మీదుగా వచ్చాయి. 1934లో రేసుల్లోకి దిగిన ఆటో యూనియన్ పదహారు సిలిండర్ల కారును గీసింది ఆయన డిజైన్ కార్యాలయమే. దానికీ సూపర్‌చార్జర్ ఉంది. అయినా 1970లలో కంపెనీ మనసు మార్చుకుంది. ఉత్తర అమెరికాలో జరిగే కెన్‌యామ్ రేసుల కోసం 917 కారుకు టర్బోలు పెట్టి, 1973లో 917/30 రూపంలో వెయ్యి హార్స్‌పవర్ దాటించింది. ఆ అనుభవమే 1975లో 911 టర్బోగా రోడ్డెక్కింది.

కారణం సూటిగానే ఉంది. సూపర్‌చార్జర్ క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇంజన్ ప్రధాన ఇరుసు) నుంచి బెల్ట్‌తో తిరుగుతుంది, కాబట్టి ఇంజన్ చేసిన పవర్‌లో కొంత అదే తినేస్తుంది. టర్బో, ఎలాగూ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతుంది. రేసుల్లో ఈ తేడా గెలుపోటములను తేలుస్తుంది. రోడ్డు మీద మాత్రం టర్బోకు వేరే ఖరీదు పడింది. మొదటి 911 టర్బోలో కంప్రెషన్ రేషియోను 6.5కి దించారు. బూస్ట్ లేనప్పుడు అది నీరసమైన ఇంజన్. యాక్సిలరేటర్ తొక్కాక కాసేపు ఏమీ జరగక, ఆ తర్వాత బలమంతా ఒక్కసారిగా వెనక చక్రాల మీద పడేది. ఇంజన్ వెనక ఇరుసుకు వెనక వేలాడే కారులో, మలుపు మధ్యలో అలా జరిగితే డ్రైవర్‌కు ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

పాత కారుకు తర్వాత బిగించే విషయానికొస్తే టర్బోకు ఇంకో ఇబ్బంది ఉంది. ఈ కార్లలో క్యాబిన్ హీటర్‌కు వేడి వచ్చేది ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ ఉండే హీట్ ఎక్స్‌చేంజర్ల నుంచి. టర్బో పెట్టాలంటే ఎగ్జాస్ట్ అంతా తిరిగి కట్టాలి, ఆయిల్ లైన్లు వేయాలి, ఎర్రగా కాలే లోహపు ముద్ద ఒకటి ఇంజన్ పక్కనే అదనంగా చేరుతుంది. సూపర్‌చార్జర్ ఉండేది గాలి లోపలికి వెళ్లే వైపు. ఎగ్జాస్ట్, హీటర్ రెండూ ఉన్నట్టే ఉంటాయి. విడిగా ఒక కారు యజమాని దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం పవర్ కన్నా ఇదే.

## 6 పీఎస్ఐ బూస్ట్ అంటే 41 శాతం కాదు

చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు). దానికి 6 పీఎస్ఐ బూస్ట్ కలిపితే 20.7, అంటే 1.41 రెట్లు. గాలి 41 శాతం పెరిగింది కాబట్టి పవర్ కూడా 41 శాతం పెరుగుతుందని అనిపిస్తుంది. కానీ గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది.

బయట 30 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుంటే, ఏ నష్టమూ లేని ఆదర్శ కంప్రెసర్ అయినా ఈ పీడనానికి గాలిని సుమారు 31 డిగ్రీలు వేడెక్కిస్తుంది. నిజమైన యంత్రం అంతకంటే ఎక్కువ. 55 శాతం సామర్థ్యంతో పనిచేసే రూట్స్ రకం అయితే 57 డిగ్రీలు పెరిగి గాలి 87కి చేరుతుంది. 72 శాతం సామర్థ్యమున్న సెంట్రిఫ్యూగల్ రకం అయితే 43 డిగ్రీలు పెరిగి 73 దగ్గర ఆగుతుంది. అప్పుడు సిలిండర్‌లోకి నిజంగా చేరే గాలి బరువు మొదటిదానిలో 19 శాతం, రెండోదానిలో 23 శాతం మాత్రమే పెరుగుతుంది. 41 అనుకున్నది సగానికి పడిపోయింది. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి గాలిని 45 డిగ్రీలకు దించితే, దాని గుండా వెళ్లడంలో పోయే పీడనం తీసేశాక కూడా 30 శాతం దాకా మిగులుతుంది.

ఇక సూపర్‌చార్జర్‌ను తిప్పడానికి అయ్యే ఖర్చు. 3 లీటర్ల ఇంజన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర మింగే గాలిని బట్టి చూస్తే, నొక్కడానికే 11 నుంచి 15 హార్స్‌పవర్ కావాలి. బెల్ట్, గేర్ల ఘర్షణ అదనం. ఇవన్నీ కలిపితే 204 హార్స్‌పవర్ ఎస్‌సీ, ఇంటర్‌కూలర్‌తో, కాగితం మీద 250 దగ్గర తేలుతుంది. ఇంటర్‌కూలర్ లేని రూట్స్ రకంతో 230 కూడా కష్టమే. నాకింగ్ (గాలి-పెట్రోల్ మిశ్రమం తనంతట తాను అంటుకోవడం) రాకుండా ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పు రాజేసే క్షణం) వెనక్కి జరపాల్సి వస్తే ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి. జరపాల్సి వస్తుంది కూడా.

## నాకింగ్: అసలు శత్రువు

పిస్టన్ పైకి వచ్చి మిశ్రమాన్ని నొక్కుతున్నప్పుడు, మంట చేరకముందే మూలల్లో ఉన్న మిశ్రమం తనంతట తాను అంటుకుంటే దాన్ని నాకింగ్ అంటారు. పిస్టన్ మీద సుత్తి దెబ్బలాంటి పీడనం పడుతుంది. కొద్దిసేపు కొనసాగినా పిస్టన్ అంచులు తినేస్తుంది, రింగులు విరుగుతాయి. వేడి, పీడనం, మంట వ్యాపించడానికి పట్టే సమయం ఎంత పెరిగితే నాకింగ్ అంత దగ్గరవుతుంది.

పాత 911 హెడ్‌లో (సిలిండర్ పైన మూతలా ఉండే భాగం) ఈ మూడూ కొంచెం ప్రతికూలమే. వాల్వులు వెడల్పు కోణంలో ఉంటాయి, దహన గది అర్ధగోళంలా ఉంటుంది. అందులో కంప్రెషన్ పెంచాలంటే పిస్టన్ తలను గుమ్మటంలా ఎత్తుగా చేయాలి. స్పార్క్ ప్లగ్ ఒకే పక్కన ఉంటుంది. అక్కడ మొదలైన మంట ఆ గుమ్మటాన్ని దాటి 95 మిల్లీమీటర్ల సిలిండర్ అవతలి అంచుకు చేరాలి. 1989లో 964 మోడల్‌కు సిలిండర్‌ను 100 మిల్లీమీటర్లకు, కంప్రెషన్‌ను 11.3కి పెంచినప్పుడు పోర్షే ఇంజనీర్లు ఒక్కో సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు పెట్టారు, నాకింగ్‌ను పసిగట్టే సెన్సర్లూ చేర్చారు. కరేరా 3.2లో ఆ సెన్సర్ లేదు. ఇంజన్‌కు తెలియదు. ఫ్యాన్ హోరులో డ్రైవర్‌కూ వినపడదు.

టర్బో కోసం కంపెనీ 6.5, తర్వాత 7.0 కంప్రెషన్ పెట్టుకుంటే, యూరప్ కరేరా 3.2 రేషియో 10.3. దాని మీద తిన్నగా సూపర్‌చార్జర్ పెట్టడమంటే కంపెనీ తీసుకున్న జాగ్రత్తకు ఎదురు నడవడమే. 204 హార్స్‌పవర్ ఎస్‌సీ 9.8తో, బూస్ట్ లేకుండానే 98 ఆక్టేన్ (నాకింగ్‌ను బాగా తట్టుకునే) పెట్రోల్ అడుగుతుంది. 1978, 79ల్లో వచ్చిన మొదటి ఎస్‌సీ మాత్రం 8.5 కంప్రెషన్‌తో 180 హార్స్‌పవరే ఇచ్చేది. వరుసలో బలహీనంగా కనిపించే ఆ ఇంజనే బూస్ట్‌కు అన్నిటికంటే అనువైనది.

## ఫ్యాన్ ఒక్కటే, పని ఎక్కువ

మన రోడ్ల మీద తిరిగే బుల్లెట్, స్ప్లెండర్ బైకుల సిలిండర్ చుట్టూ ఉండే రెక్కలే 911 సిలిండర్ల మీదా ఉంటాయి. బైకు కదిలితేనే ఆ రెక్కలకు గాలి తగులుతుంది. మూత కింద ఇరుక్కున్న 911 ఇంజన్‌కు ఆ వీలు లేదు కాబట్టి, పైన ఒక పెద్ద ఫ్యాన్ గాలిని ఆరు సిలిండర్ల మీదికి కొడుతుంది. దాన్ని తిప్పేది క్రాంక్‌షాఫ్ట్ నుంచి వచ్చే బెల్ట్. ఇంజన్ వేగం రెట్టింపైతే గాలి కూడా దాదాపు రెట్టింపవుతుంది. వేడి ఎంత ఉందన్నది ఆ ఫ్యాన్‌కు తెలియదు. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో అదొక్కటే తెలుసు.

మామూలు ఇంజన్‌కు ఈ ఏర్పాటు సరిపోయింది, ఎందుకంటే వేడి కూడా వేగంతోపాటే పెరిగేది. సూపర్‌చార్జర్ ఆ పొందికను చెడగొడుతుంది. అదే వేగంలో ఇంధనం పావు వంతు ఎక్కువ మండుతుంది, ఫ్యాన్ గాలి మాత్రం పాత లెక్కే. నీటి ఇంజన్‌లో పెద్ద రేడియేటర్ పెట్టి సర్దుకోవచ్చు. ఇక్కడ హెడ్ మీద రెక్కలు పోతపోసినప్పుడు ఎన్ని ఉన్నాయో అన్నే.

మిగిలిన ఆసరా ఆయిల్. ఈ ఇంజన్లను గాలితో చల్లబడేవని అంటాం గానీ, వేడిలో పెద్ద భాగాన్ని మోసేది ఆయిలే. డ్రై సంప్ పద్ధతిలో విడి ట్యాంకుతో, ఎస్‌సీలో దాదాపు 13 లీటర్ల ఆయిల్ తిరుగుతుంది. ముందు కుడి ఫెండర్‌లో అదనపు కూలర్ ఉంటుంది. పాత ఎస్‌సీల్లో కొన్నిటికి అది మెలికలు తిరిగిన గొట్టం మాత్రమే. సూపర్‌చార్జర్ కొనే డబ్బులో మొదటి వాటా ఇక్కడ, రెక్కలూ ఎలక్ట్రిక్ ఫ్యానూ ఉన్న కూలర్ మీద పెట్టడం న్యాయం. అయితే ఆయిల్ కూలర్ పిస్టన్, బేరింగుల వేడి దించుతుంది. హెడ్ మీద ఎగ్జాస్ట్ వాల్వ్ పక్కన ఉండే వేడిమీద దాని ప్రభావం పరిమితమే. ఆయిల్ మీటర్ ముల్లు చల్లగా కనిపిస్తున్నా హెడ్ మండుతుండొచ్చు. అందుకే హెడ్ ఉష్ణోగ్రత చూపే సెన్సర్ విడిగా ఉండాలి.

బెల్ట్ విషయంలో ఒక జాగ్రత్త. ఎస్‌సీ, 3.2 కార్లలో ఫ్యాన్‌నూ ఆల్టర్నేటర్‌నూ ఒకే బెల్ట్ తిప్పుతుంది. అది తెగితే చల్లబరచడం అక్కడికక్కడే ఆగిపోతుంది, కారు వెంటనే ఆపేయాలి. సూపర్‌చార్జర్ భారాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఆ బెల్ట్ మీద వేయకూడదు. దానికి విడి పుల్లీ, విడి బెల్ట్ కావాలి. స్థలం కోసం చూస్తే, ఏసీ కంప్రెసర్ ఉండే చోటు సహజంగా కళ్లకు కనిపిస్తుంది. ఏసీ వదులుకోవడానికి ఇష్టపడని యజమానికి అక్కడే బేరం చెడుతుంది.

## ఏ రకం సూపర్‌చార్జర్

రూట్స్ రకం గాలిని లోపల నొక్కదు, ఇటునుంచి అటు తోస్తుంది. నొక్కుడు ఇంజన్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) జరుగుతుంది. తక్కువ వేగంలోనే పూర్తి బూస్ట్ ఇస్తుంది, వేడి కూడా ఎక్కువే. ట్విన్ స్క్రూ రకం లోపలే నొక్కుతుంది కాబట్టి కాస్త చల్లగా పనిచేస్తుంది. ఈ రెంటికీ ఇంజన్ పైన చోటు కావాలి, 911లో ఆ చోటంతా ఫ్యాన్ ఆక్రమించింది.

సెంట్రిఫ్యూగల్ రకం చూడ్డానికి టర్బోలో సగంలా ఉంటుంది, ఓ మూలన ఇమిడిపోతుంది. దాని బూస్ట్ వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర 6 పీఎస్ఐ ఇచ్చేది 3,000 దగ్గర ఒకటిన్నరే ఇస్తుంది. కింది వేగంలో పెద్ద మార్పు తెలియదని దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లున్నారు. గాలితో చల్లబడే ఇంజన్‌కు మాత్రం ఆ లోపమే రక్షణ. రూట్స్ రకంతో 2,500 ఆర్‌పీఎంలో ఎత్తు ఎక్కుతున్నప్పుడు బూస్ట్ నిండుగా ఉంటుంది, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటుంది. సెంట్రిఫ్యూగల్ రకంలో బూస్ట్ పెరిగే సమయానికి ఫ్యాన్ కూడా జోరు మీద ఉంటుంది. పైగా రోడ్డు మీద ఎవరూ రెడ్‌లైన్ (ఇంజన్ గరిష్ఠ వేగం) దగ్గర నిమిషాల తరబడి నడపరు. డెన్మార్క్‌కు చెందిన రోట్రెక్స్ లాంటి వాటికి సొంత ఆయిల్, సొంత కూలర్ ఉండటం వల్ల ఇంజన్ ఆయిల్‌ను పంచుకోవాల్సిన పనీ లేదు.

ఇంటర్‌కూలర్ ఎక్కడ పెట్టాలన్నది ఏ రకానికైనా తలనొప్పే. 1978లో 3.3 లీటర్ల టర్బోకు పోర్షే దాన్ని వెనక స్పాయిలర్ లోపల దాచింది. ఆ స్పాయిలర్ రూపం మారడానికి కారణం అదే. స్పాయిలర్ లేని మూత ఉన్న కారుకు అలాంటిది పెడితే రూపు మారిపోతుంది.

## ఇంధనం అందించడం

ఎస్‌సీలో ఉన్న బాష్ కే-జెట్రానిక్ పూర్తిగా మెకానికల్. లోపలికి వచ్చే గాలి ఒక పళ్లేన్ని ఎత్తుతుంది, అది ఎంత లేస్తే అంత పెట్రోల్. 911 టర్బో కూడా ఇదే పద్ధతితో నడిచింది కాబట్టి సూత్రంలో తప్పులేదు. కానీ ఎస్‌సీ పరికరాలను 204 హార్స్‌పవర్ ఇంజన్‌కు కొలిచి పెట్టారు. పళ్లెం పూర్తిగా లేచాక గాలి పెరుగుతూనే ఉంటే పెట్రోల్ పెరగదు. మిశ్రమం పలచబడుతుంది, వేడెక్కుతుంది, నాకింగ్ మొదలవుతుంది. సరిగ్గా బూస్ట్ ఎక్కువున్న చోటే ఇది జరుగుతుంది. అదీగాక ఎస్‌సీలో గాలి పంచే ప్లాస్టిక్ ఎయిర్‌బాక్స్ చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు వచ్చే బ్యాక్‌ఫైర్‌కే (మంట వెనక్కి తన్నడానికే) పగిలే రకం. లోపలి నుంచి బూస్ట్ పీడనాన్ని ఆపడం దాని వల్ల కాదు.

కరేరా 3.2లోని మోట్రానిక్ ఎలక్ట్రానిక్ అయినా బూస్ట్ అంటే ఏమిటో దానికి తెలియదు. చివరికి చాలా ప్రాజెక్టులు విడి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), పెద్ద ఇంజెక్టర్లు, మిశ్రమం పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్, బూస్ట్‌ను బట్టి టైమింగ్ వెనక్కి జరిపే ఇగ్నిషన్ వైపే చేరతాయి. అక్కడికి వచ్చేసరికి “బోల్టులు బిగిస్తే చాలు” అన్న మొదటి మాట మిగలదు.

## ఏ ఇంజన్ తట్టుకుంటుంది

1974–77 నాటి 2.7 లీటర్ల ఇంజన్‌ను వదిలేయడమే మేలు. దాని మెగ్నీషియం క్రాంక్‌కేస్ మామూలు వేడికే హెడ్ స్టడ్‌లను (హెడ్‌ను కేస్‌కు బిగించి ఉంచే పొడవాటి బోల్టులను) వదిలేస్తుందని పేరుపడింది. ఎస్‌సీలో ఉన్నది అల్యూమినియం కేస్, అది గట్టిది. అయితే ఎస్‌సీలో ఎగ్జాస్ట్ వైపు ఉండే డిలవార్ (ఒక ప్రత్యేక ఉక్కు మిశ్రమం) స్టడ్‌లు విరగడం అందరికీ తెలిసిన జబ్బు. బూస్ట్ పెట్టేముందు వాటిని మార్చకపోతే, తర్వాత అవి విరిగినప్పుడు ఇంజన్ మళ్లీ బయటికి తీయాల్సి వస్తుంది. సిలిండర్లు పీడనాన్ని ఎంత నిలుపుతున్నాయో చూపే కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ లేకుండా కిట్ కొనడం డబ్బు పారేసుకోవడమే. 964, 993లకు ప్లగ్గులు రెండున్నా 11.3 కంప్రెషన్ అడ్డం వస్తుంది, పిస్టన్లు మార్చక తప్పదు. గేర్‌బాక్స్, బ్రేకుల మాటకొస్తే, 300 హార్స్‌పవర్ టర్బోకు పోర్షే 917 రేసు కారు నుంచి వచ్చిన బ్రేకులు పెట్టిందన్నది గుర్తుంటే చాలు.

ఇక్కడ ఒక పోలిక తప్పదు. ఇంటర్‌కూలర్, విడి ఈసీయూ, కొత్త స్టడ్‌లు, ఆయిల్ కూలర్ అన్నీ పెట్టాక ఎస్‌సీ చేరేది 250 హార్స్‌పవర్. 964లోని 3.6 ఇంజన్ ఫ్యాక్టరీ నుంచి ఏ బూస్టూ లేకుండా వచ్చినదే 250, మొదటి 993లో 272. పాత 911లో 3.6 ఇంజన్ పెట్టడం ఎప్పటి నుంచో నడుస్తున్న పని. అంకె కోసమే అయితే సూపర్‌చార్జర్ వాదన అంత బలంగా లేదు. కారుతోపాటు పుట్టిన, నంబర్ కలిసే ఇంజన్‌ను అందులోనే ఉంచాలనుకునేవాళ్లకే దీనివల్ల నిజమైన లాభం. వేలంలో ఆ నంబర్‌కు విలువ కడతారు కాబట్టి, ఇది భావోద్వేగం మాత్రమే కాదు.

## చట్టం చేయి వేసే చోటు

జర్మనీలో 30 ఏళ్లు దాటిన కారుకు పాతకాలపు వాహనంగా హెచ్ నంబర్ ప్లేట్ ఇస్తారు, పన్నులో వెసులుబాటు ఉంటుంది. కారు అసలు రూపంలో గానీ, ఆ కాలంలో వాడుకలో ఉన్న మార్పులతో గానీ ఉండాలన్నది షరతు. ఇప్పటి సూపర్‌చార్జర్, ఇప్పటి ఈసీయూ ఆ షరతుకు సులభంగా ఒదగవు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ కార్లకు పొగ పరీక్ష లేదు. 1976 నుంచి వచ్చినవాటికి ఉంది. వాటికి బిగించే సూపర్‌చార్జర్ కిట్‌కు రాష్ట్ర గాలి వనరుల బోర్డు ఇచ్చిన ఉత్తర్వు నంబర్ ఉండాలి. పరీక్ష అక్కర్లేని కార్లలో ఎక్కువగా ఉన్నవి మెగ్నీషియం కేస్ ఇంజన్లు. బూస్ట్‌ను తట్టుకోగల ఎస్‌సీ, 3.2 రెండూ పరీక్ష జాబితాలో ఉన్నాయి.